అద్దాల గదిలో ద్రాక్ష తీగ: నిద్రపోనిస్తేనే కాపు



పై వీడియోలో కనిపిస్తున్నది మా శామీర్‌పేట పొలం కాదండి. ఇంగ్లండులో రెడింగ్ అనే ఊళ్లో మా అమ్మాయి వాళ్ల ఇల్లు. తీగ ఉన్న గదిని అక్కడ కన్సర్వేటరీ అంటారు. ఇంటి వెనక గోడకు ఆనించి కట్టుకునే అద్దాల గది. పక్కలా అద్దాలే, పైకప్పూ అద్దమే. అక్కడ ఎండ తక్కువ కదా, వచ్చిన కాస్త ఎండనూ పట్టుకోవడానికి ఇలా కట్టుకుంటారు.

అమ్మాయి వాళ్లు ఇల్లు కొనేటప్పటికే తీగ ఉంది. పాత యజమాని పెట్టింది. రకం బ్లాక్ హాంబర్గ్. నల్ల ద్రాక్ష, గింజలుంటాయి. ఇంగ్లండు అద్దాల ఇళ్లలో వందల ఏళ్లుగా పెంచుతున్న రకం.

"ద్రాక్ష తోట చేసినవాణ్ణి, నాకొకరు చెప్పాలా" అనుకుని నేను ఆ తీగకు చేసిన తప్పు ముందు చెబుతాను. తర్వాత ఎలా పెంచాలో చెబుతాను. మన దగ్గర ఇంటి ముందు పందిరి వేసినవాళ్లకూ పనికొచ్చే మాట చివర్లో ఉంది.

ఏప్రిల్‌లో కత్తిరించాను

2022 ఏప్రిల్‌లో మొదటిసారి అక్కడికి వెళ్లాను. తీగ కప్పంతా అల్లుకుపోయి ఉంది. ఏళ్ల తరబడి కత్తిరించలేదు. అప్పటికే లేత చిగుళ్లు జానెడు పొడవు వచ్చాయి. మన హైదరాబాదు చుట్టుపక్కల ఏప్రిల్ అంటే కత్తిరింపు నెల. నా చేతులు ఊరుకోలేదు. సికేచర్ తీసుకుని పాత కర్ర దాకా కోసేశాను.

మర్నాడు పొద్దున్నే అమ్మాయి పిలిచింది. "నాన్నా, పైకప్పు కారుతోందా? సోఫా తడిసింది" అంది. కప్పు కారడం కాదు, తీగ కారుతోంది. కోసిన ప్రతి చోట నుంచీ నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. గుడ్డ కట్టాను, మైనం పెట్టాను, ఏదీ ఆగలేదు. రెండు వారాలు అలాగే కారింది. కింద గిన్నెలు పెట్టుకున్నాం.

చలి తగ్గి నేల వెచ్చబడగానే వేళ్లు నీటిని పైకి తోస్తాయి. ఆకులు పూర్తిగా వస్తే ఆ నీళ్లు ఆకుల్లోంచి పోతాయి. ఆకుల్లేకుండా కోస్తే కోతల్లోంచి కారతాయి. దీనివల్ల తీగ చచ్చిపోదు, ఆ భయం అక్కర్లేదు. అసలు నష్టం వేరే. ద్రాక్షలో పూగుత్తి కొత్త చిగురు మీద వస్తుంది. ఆ చిగురు నిరుటి కొమ్మ మీది కన్నులోంచి రావాలి. నేను నిరుటి కొమ్మల్ని, వాటి మీది చిగుళ్లతో సహా కోసేశాను. పాత కర్రలోంచి వచ్చిన కొమ్మలకు గుత్తులు లేవు. ఆ ఏడాది ఒక్క కాయ లేదు.

మన దగ్గర ఏప్రిల్‌లో అలా కోసినా పోయేదేం లేదు, ఎందుకంటే అక్టోబరులో ఇంకో కత్తిరింపు ఉంది. ఏప్రిల్ కత్తిరింపు కొమ్మ కోసం, అక్టోబరు కత్తిరింపు కాయ కోసం. రెడింగ్‌లో రెండో అవకాశం లేదు. అక్టోబరుకు ఆకులు పండి రాలిపోతాయి. అక్కడ ఏడాదికి ఒకటే కత్తిరింపు, ఒకటే కాపు.

పక్కింటి పెద్దాయన, ఎనభై దాటి ఉంటాయి, కంచె మీదుగా చూసి ఒక్క ముక్క చెప్పాడు. "అద్దాల కింద తీగను క్రిస్మస్ లోపు కోసెయ్యాలి" అని. గదిలో వెచ్చదనం వల్ల బయటి తీగల కంటే ముందే రసం కదులుతుందట. అందుకని ఆకులు రాలాక, డిసెంబరులోనే పని అయిపోవాలి.

254 ఏళ్ల తీగ

ఆ వేసవిలో అమ్మాయి నన్ను హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్‌కు తీసుకెళ్లింది. లండన్ పక్కన, థేమ్స్ ఒడ్డున ఉంది. అక్కడ అద్దాల ఇంట్లో ఒక ద్రాక్ష తీగ ఉంది. 1768లో లాన్సెలాట్ బ్రౌన్ అనే తోటల నిపుణుడు నాటించాడు. నేను చూసేనాటికి 254 ఏళ్లు. మా అమ్మాయి ఇంట్లో ఉన్న రకమే, బ్లాక్ హాంబర్గే. మొదలు చుట్టుకొలత 4 మీటర్ల దాకా ఉంటుంది. తీగలు 30 మీటర్లకు పైగా పాకాయి. ఒక్క తీగ నుంచి ఏటా సుమారు 270 కిలోల పండు వస్తుంది. ఆ పండ్లు అక్కడికి వచ్చినవాళ్లకే అమ్ముతారు.

నన్ను కట్టిపడేసింది దాని వేళ్లున్న చోటు. తీగ అద్దాల లోపల, వేళ్లు బయట నేలలో. అద్దాల ఇంటి పక్కన పెద్ద మడి ఉంది, అందులో ఇంకేమీ నాటకుండా దానికే వదిలేశారు. ఏటా చలికాలంలో క్రమం తప్పకుండా కత్తిరిస్తారు. రెండున్నర శతాబ్దాలు బతకడానికి తీగకు వాళ్లిచ్చింది ఏమిటని చూస్తే నేల, నిద్ర, కత్తెర, ఒక మనిషి శ్రద్ధ.

మేం కొన్న మందు

నిద్ర మాట దగ్గర నా పాత కథ చెప్పాలి. 1990ల్లో మాకు నాలుగెకరాల ద్రాక్ష ఉండేది. రాతి కూసాలు, ఇనప తీగల పందిరి. హైదరాబాదు ద్రాక్ష అంటే అప్పుడు పేరు. అనాబ్-ఎ-షాహి గుత్తులు చూడ్డానికే మనుషులు ఆగేవాళ్లు.

ద్రాక్ష చలిదేశపు మొక్క. చలి బాగా తగిలితేనే కన్నులన్నీ ఒకేసారి మేలుకుంటాయి. మన చలి దానికి చాలదు. అక్టోబరులో కోశాక చివరి కన్ను మేలుకుంటుంది, మిగతావి మొద్దు నిద్రలో ఉంటాయి. వాటిని లేపడానికి హైడ్రోజన్ సయనమైడ్ అనే మందు పూసేవాళ్లం. గుడ్డ ముంచి కన్ను కన్నుకూ అద్దడం. విషం. పూసినవాళ్లు ఆ తర్వాత కొన్ని రోజులు మద్యం ముట్టకూడదు. ఆ సంగతి మాకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు, మేమూ అడగలేదు. ఒక ఏడాది పనికొచ్చిన మనిషి సాయంత్రం కల్లు తాగాడు. మొహం ఎర్రబడి, ఊపిరాడక, గుండె దడదడ. జీపులో వేసుకుని పట్నం తీసుకెళ్లాం. బతికాడు. అతను మళ్లీ మా తోటలోకి రాలేదు.

తర్వాత బోర్లు ఎండాయి. తోట తీసేశాం. రెండెకరాలు అమ్మేశాం. మిగిలిన రెండెకరాల్లో 2015 నుంచి ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాను. కానీ ద్రాక్ష జోలికి పోలేదు. మందు లేకుండా ద్రాక్ష రాదని మనసులో పడిపోయింది.

రెడింగ్‌లో ఆ మందు చేసే పని చలి ఊరికే చేసిపెడుతుంది. డిసెంబరు, జనవరిలో రాత్రిళ్లు సున్నా దగ్గరికి వస్తుంది. మరి అమ్మాయి వాళ్లు ఏం చేస్తున్నారు? ఆ గదిలో హీటరు పెట్టి పిల్లవాణ్ణి ఆడిస్తున్నారు! తీగకు చలి తగలనివ్వడం లేదు. నేను "హీటరు తీసెయ్యండి, కిటికీలు తెరిచి పెట్టండి" అంటే అల్లుడు గారు నవ్వి, "మామయ్యా, ఇంటికి కిటికీలు మూసుకోవడానికే మేం కష్టపడుతున్నాం" అన్నారు. చివరికి మనవడి బొమ్మలు ముందు గదిలోకి మారాయి. ఇంట్లోకి వచ్చే తలుపు గట్టిగా మూసి, అద్దాల గది కిటికీలు నవంబరు నుంచి జనవరి దాకా తెరిచి పెట్టారు. ఆకులు రాలిన తీగకు ఆ చలి ఏమీ చెయ్యదు. మేలే చేస్తుంది.

2022 డిసెంబరులో నేను ఇక్కడ శామీర్‌పేటలో, అమ్మాయి అక్కడ నిచ్చెన మీద. వీడియో కాల్‌లో కత్తిరించాం. "ఆ కన్ను కాదమ్మా, దాని కిందది" అంటూ రెండు గంటలు పట్టింది. ఈసారి ఒక్క చుక్క కారలేదు.

నెలలవారీగా పని

2024 నవంబరులో మళ్లీ వెళ్లి నా చేతులతో నేనే చేశాను. వీడియో అప్పటిదే. అక్కడ ఉన్న మన తెలుగువాళ్ల కోసం వరసగా రాస్తున్నాను.

నాటడం: వీలైతే వేరు బయట నేలలో, గోడకు ఆనించి నాటండి. నేల దగ్గర గోడకు బెజ్జం పెట్టి తీగను లోపలికి తీసుకోండి. వాన నీరు దానికదే అందుతుంది, వేరు ఎంత దూరమైనా పోతుంది. కుదరకపోతే పెద్ద కుండీ. కుండీలో అయితే వేసవిలో నీళ్లు మీరే గుర్తు పెట్టుకోవాలి. నీళ్లు నిలవకూడదు. మనం వాఫస అంటామే, మట్టిలో తేమా గాలీ రెండూ ఉండడం, ద్రాక్ష వేరుకు అదే కావాలి.

డిసెంబరు: ఒకటో రెండో మూల తీగలు ఉంచండి. వాటి పక్కన వచ్చిన నిరుటి కొమ్మల్ని రెండేసి కన్నులకు కోసెయ్యండి. బ్లాక్ హాంబర్గ్ మొదటి కన్నుల్లోనే కాస్తుంది కాబట్టి ఇంత పొట్టిగా కోసినా పరవాలేదు. థామ్సన్ లాంటి రకాలకు ఇలా కోస్తే కాపు పోతుంది, వాటికి ఎక్కువ కన్నులు వదలాలి. కోశాక ఊడిపోతున్న పాత బెరడును చేత్తో మెల్లగా రుద్ది తీసెయ్యండి. పిండినల్లి చలికాలమంతా దాక్కునేది ఆ బెరడు కిందే. పచ్చి కర్ర కనిపించేదాకా మాత్రం గీకొద్దు.

జనవరి చివర: మూల తీగ కట్లు విప్పి, పై భాగాన్ని విల్లులా కిందికి వంచి కట్టండి. నిలువుగా ఉంటే బలమంతా చివరి కన్నుకే పోతుంది. వంచితే కింది కన్నులూ మేలుకుంటాయి. చిగుళ్లు సమంగా వచ్చాక మళ్లీ పైకి కట్టెయ్యండి. ఒక్క తాడు ముక్కతో అయ్యే ఈ పని చూసినప్పుడు మా పాత గుడ్డలూ, మందు డబ్బాలూ గుర్తొచ్చాయి.

ఫిబ్రవరి: కిటికీలు మూసి గదిని మెల్లగా వెచ్చబడనివ్వండి. హీటరు అక్కర్లేదు.

ఏప్రిల్, మే: కన్నుకు ఒక్క చిగురే ఉంచి మిగతావి గిల్లెయ్యండి. గుత్తి ఉన్న చిగురును గుత్తి తర్వాత రెండాకులకు తుంచండి. గుత్తి లేనిదాన్ని ఐదాకులకు. పక్క పిలకలు వస్తే ఒక్కాకుకు. పూత వచ్చినప్పుడు మధ్యాహ్నం వేళ తీగను చేత్తో తట్టండి. లోపల గాలి ఆడదు కదా, పుప్పొడి రాలడానికి ఆ తట్టు చాలు. పూతకు ముందు నేల మీద నీళ్లు చల్లి తేమగా ఉంచితే ఎర్రనల్లి రాదు. పూత రోజుల్లో మాత్రం పొడిగా ఉంచండి.

జూన్, జూలై: ఇది అందరికీ మనసొప్పని పని. కొమ్మకు ఒక్క గుత్తే ఉంచాలి. ఆ గుత్తిలో కూడా కాయలు సెనగ గింజంత ఉన్నప్పుడే సన్న కత్తెరతో మూడో వంతు తీసెయ్యాలి. తియ్యకపోతే కాయలు ఒకదాన్నొకటి నొక్కుకుని పగిలి, గుత్తి మొత్తం కుళ్లుతుంది. కొత్త తీగైతే మొదటి రెండేళ్లు కాపు వద్దు. మూడో ఏడు మూడు గుత్తులు, నాలుగో ఏడు ఐదు.

ఎండాకాలం: ఎండ కాసిన రోజు ఆ గది కొలిమిలా కాగుతుంది. కిటికీలన్నీ తెరవాలి. బూడిద తెగులు వచ్చేది కూడా గాలి ఆడనప్పుడే. నివారణకు మనం పుల్ల మజ్జిగ కొడతాం. అక్కడ నేను నీళ్లలో పదో వంతు పాలు కలిపి, ఎండ ఉన్న పొద్దుటి పూట వారానికోసారి కొట్టించాను. తెగులు ముదిరాక పని చెయ్యదు, ముందు నుంచే మొదలు పెట్టాలి.

పిండినల్లికి అక్కడ క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగుల్ని పోస్టులో పంపిస్తారు. మన దగ్గర ద్రాక్ష, జామ తోటల్లో వదిలేదీ అదే పురుగు. పెంకు పురుగైతే పరవాలేదు గానీ, దాని పిల్ల అచ్చం పిండినల్లిలాగే తెల్లగా ఉంటుంది. తెలియక నలిపెయ్యొద్దు.

ఎరువులో దాగిన మందు

జీవామృతం చేద్దామంటే రెడింగ్‌లో ఆవెక్కడ దొరుకుతుంది? ఉన్నా, ఆ వీధిలో డ్రమ్ము పెడితే చుట్టుపక్కలవాళ్లు ఊరుకోరు. అందుకని ఆచ్ఛాదన మీద ఆధారపడ్డాను. రాలిన ఆకులు సంచిలో తడిపి ఏడాది మాగబెట్టి, బయట మొదలు చుట్టూ నాలుగు వేళ్ల మందాన పరిచాం. తవ్వి చూస్తే వానపాములే.

అక్కడ గుర్రాల పెంట ఊరికే ఇస్తారు. అమ్మాయి సంబరంగా నాలుగు సంచులు తెచ్చింది. నేను ఆపాను. ఆ దేశంలో గడ్డి బీళ్లలో అమైనోపైరాలిడ్ అనే కలుపు మందు వాడతారు. ఆ గడ్డి తిన్న గుర్రం పెంటలో కూడా మందు చావదు, నెలల తరబడి ఉంటుంది. టమాటా, చిక్కుడు, ద్రాక్ష ఆకులు ముడుచుకుపోతాయి. పరీక్ష తేలిక. ఆ పెంట కొంచెం మట్టిలో కలిపి కుండీలో చిక్కుడు గింజలు వెయ్యండి. వేరే కుండీలో ఉత్త మట్టిలో కొన్ని వెయ్యండి. మూడు నాలుగు వారాల్లో మొదటి కుండీ ఆకులు మెలి తిరిగితే ఆ పెంట తీగ దగ్గరికి రానివ్వొద్దు. మా సంచుల్లో రెండు బాగున్నాయి, రెండు పనికిరాలేదు. నాలుగూ చూడ్డానికి ఒక్కలాగే ఉన్నాయి. పెంట అని పేరుంటే చాలదు, ఎక్కడి గడ్డి తిన్నదో అడగాలి. ఇది మనకూ వర్తిస్తుంది.

మన ఇళ్లలో ఏం చెయ్యాలి

మన దగ్గర అద్దాల గది పెట్టొద్దు, మే నెలలో తీగ ఉడికిపోతుంది. మనకు పందిరే సరి.

"తీగ ఇల్లంతా పాకింది, ఒక్క గుత్తి లేదు, ఎందుకు?" అని మిద్దెతోట వాళ్లు తరచూ అడుగుతారు. కత్తిరించకపోవడమే కారణం. మన చలికి ఆకులు పూర్తిగా రాలవు, తీగ దానికదే నిద్రపోదు. కాబట్టి మనమే నిద్రపుచ్చి లేపాలి. ఏప్రిల్‌లో ఒకటి రెండు కన్నులకు కోసి, కొత్త కొమ్మల్ని బాగా ఎండ తగిలేలా పందిరి మీద పరచండి. వచ్చే గుత్తులు ఆ ఎండలోనే కన్నుల లోపల తయారవుతాయి. వానలు తగ్గాక నీళ్లు తగ్గించండి. అక్టోబరులో మిగిలిన ఆకులు చేత్తో దులిపి, రకాన్ని బట్టి ఐదు నుంచి ఎనిమిది కన్నులు ఉంచి కోయండి. కొమ్మను వంచి కట్టండి. ఫిబ్రవరి, మార్చికి కాపు చేతికొస్తుంది.

మరి కన్నులు లేపే మందు? ఇంటి తీగకు అవసరమే లేదు. నాలుగెకరాల తోటకు అన్ని కన్నులూ ఒకేసారి లేవాలి, లారీ ఒకేసారి నిండాలి కాబట్టి. ఇంట్లో గుత్తులు ముందూ వెనకా పండితే ఇంకా మంచిది, నెల రోజులు తినొచ్చు. కోసిన చోట వెల్లుల్లి రసం పూస్తే కన్నులు లేస్తాయని జపాన్‌లో పరిశోధనలు జరిగాయి. 2023లో ఇంటి ముందు రెండు తీగలు నాటాను. నిరుడు అక్టోబరులో నేను ఊళ్లో లేకముందే కోసి, ఒకదానికి పూశాను, ఒకదానికి మానేశాను. రెండూ చిగురించాయి. కాబట్టి వెల్లుల్లి గొప్పతనం అని నేను చెప్పలేను. ఈ అక్టోబరులో ఒకే తీగ మీద సగం కొమ్మలకు పూసి, మిగతా సగం వదిలేసి చూస్తాను. చేయగలిగినవాళ్లు మీరూ చేసి చూడండి, కన్నులు లెక్కపెట్టి రాసుకోండి.

రెడింగ్ తీగ 2023లో పదకొండు గుత్తులు ఇచ్చింది. 2024లో పద్దెనిమిది. మనవడు ఆ గదిని ఇప్పుడు "తాతయ్య తోట" అంటాడట. రెండుసార్లూ పండే వేళకు, సెప్టెంబరులో, నేను ఇక్కడే ఉన్నాను. ఫొటోలు చూడ్డమే గానీ ఇంకా ఒక్క పండు నోట్లో వేసుకోలేదు. ఈసారి టికెట్ సెప్టెంబరుకు తీసుకోమని అమ్మాయికి చెప్పాను. కత్తెర మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్తాను. సెప్టెంబరులో నా చేతులను నేను నమ్మను.